మగ్గము వెంట పడమటికి

సికింద్రాబాదునుండి వికారాబాదు, తాండూరు, వాడి, కలబురగి మీదుగా సోలాపురమునకును, అచ్చటినుండి పుణె, కల్యాణముల దారిని ముంబయికిని సాగు ఇనుపదారి నూరేండ్లకు పైబడి తెలంగాణపు నేతగాండ్రను పడమటికి కొనిపోవుచున్నది. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ సీమలలోని ఏ నేతపల్లెకు పోయి ఏ యింటి యరుగుపై కూర్చున్నను, ఆ యింటి పెద్దకొడుకో, మేనమామయో, వియ్యంకుడో సోలాపురములోనో, భివండిలోనో, సూరతులోనో ఉన్నాడను మాట వినవచ్చును. ఆ మాట వెంటనే అచ్చట కూలి యెంత, గది కిరాయి యెంత, నెలకు ఇంటికి పంపునదెంత అను లెక్కయు వినవచ్చును. ఈ లెక్కలు వినివిని, ఆ నగరములను వరుసగా, ఆ దారినే పోయి, కన్నులార చూడవలయునను కోరిక నాకు చిరకాలమునుండి కలదు. శ్రావణమాసమున, సోలాపురములో మార్కండేయుని రథోత్సవము జరుగు దినములలో, ఆ కోరిక తీరినది.

ప్రయాణమును సోలాపురముతో గాక సిరిసిల్లతో ప్రారంభించుట న్యాయమని తోచినది. ఏలయన, విడిచి వచ్చిన యూరి సంగతి యెఱుగక చేరిన యూరి కూలిని తూచుట సాధ్యము కాదు. మానేరు ఒడ్డున నున్న యీ పట్టణములో మరమగ్గములను సాంచాలందురు. సేటు నూలు ఇచ్చును. ఆసామి తన సాంచాలపై గుడ్డ నేయించి యిచ్చును. ఆసామి క్రింద కార్మికుడు పండ్రెండు గంటలు నిలువుకాళ్లపై సాంచాల నడుమ తిరుగుచు, తెగిన పోగును అతుకుచు, నేసిన గుడ్డ కొలతను బట్టి కూలి పొందును. ఆడువారు కండెలు చుట్టుదురు. గుడ్డ అమ్ముడుపోయినంతకాలము అందఱి బ్రతుకులును నడచును; గిరాకి తగ్గినచో మొదట ఆగునది కార్మికుని కూలియే. 2017 మొదలు కొన్నియేండ్లు రాష్ట్రప్రభుత్వము బతుకమ్మ పండుగకు పంచు చీరలను ఇచ్చటనే నేయించుటచేత పని నికరముగా దొరకినదనియు, భివండినుండి కొందఱు పెట్టెబేడలతో తిరిగి వచ్చిరనియు, ఆ పని ఆగినపిమ్మట మరల పడమటి దారి పట్టినవారును కలరనియు ఒక వృద్ధ కార్మికుడు నాకు చెప్పెను. అతడు తానును యౌవనమున భివండిలో పనిచేసినవాడే. "ఆడ పైసలు ఎక్కువనే సారూ, కాదనను. గని ఆడ పండుకునే జాగకు సుత పైసలే. ఈడ కూలి తక్కువ, గని ఇల్లు మా నాయిన కట్టింది" అని అతడు చెప్పిన మాట నా మనసున నాటుకొన్నది.

ఒక నగరములో కూలి ఎక్కువ, మఱియొక నగరములో తక్కువ అని మనము సులభముగా చెప్పుకొందుము. కాని బియ్యము, పప్పు, నూనె, ఉప్పుల ధరలలో నగరమునకు నగరమునకు గల వ్యత్యాసము స్వల్పము. అత్యంత భేదము గలది తలదాచుకొను చోటి వెల. కార్మికుడు భార్యాబిడ్డలతో ఉండగలడా, లేక పదిమంది నడుమ చాప పఱచుకొని, నెలకొకమారు ఇంటికి డబ్బు పంపుచు, ఏడాదికొకమారు పండుగకు పోవువాడుగా మిగులునా అనునది ఆ వెలను బట్టియే నిర్ణయమగుచున్నది. భార్య వెంట నున్నచో ఆమెయు ఏదో పని చేయును, వంట ఇంటనే యగును, బిడ్డల చదువు ఒక త్రోవ పట్టును. లేనిచో రెండు కాపురముల వ్యయము ఒక్క కూలిపై పడును, జ్వరము వచ్చినచో గంజి కాచి యిచ్చు దిక్కుండదు. కాబట్టి ఏ యూర కూలి యెంత యని అడుగుటకు ముందు, ఆ యూర ఒక నేతగాడు తన కుటుంబమునకై ఒక గదిని పట్టగలడా యని అడుగవలయునని నా నిశ్చయము. ఈ ప్రశ్ననే వెంటబెట్టుకొని బండి యెక్కితిని.

తాండూరు ప్రాంతమున దారికిరువైపుల నాపరాతి గనులు, వాటి నడుమ పచ్చని కందిచేలు. వాడి దగ్గఱ సిమెంటు కర్మాగారముల పొగగొట్టములు. మా పెట్టెలో పాలమూరు పల్లెలవారు పెక్కుమంది, గిన్నెలు మూటగట్టుకొని, పసిబిడ్డలను ఒడిలో పెట్టుకొని, పుణెలోను ముంబయిలోను కట్టడపు పనులకు పోవుచుండిరి. వారిలో ఒక స్త్రీని ఎచ్చట దిగుదువమ్మా యని అడుగగా మేస్త్రి ఎచ్చట దింపిన అచ్చటనే యని బదులు చెప్పినది. ఆమె పోవుచున్న నగరపు పేరు ఆమెకు అక్కఱలేదు. కట్టుచున్న మేడ ప్రక్కన రేకుల గుడిసె వేసికొననిత్తురా, నీరు దొరకునా అనునవియే ఆమెకు కావలసిన సమాచారములు. నగరముల తారతమ్యమును అంత సూటిగా తెలిసికొన్నవారు తక్కువ.

సోలాపురపు తూర్పుభాగమున, అశోక్ చౌకునుండి దత్తనగరు వైపు నడచుచున్నపుడు, దుకాణముల పేరుపలకలన్నియు నాగరలిపిలోనున్నను, వీధిలో వినబడు పలుకు మన పలుకే. మరాఠీ మాటలు కలిసి, యాస కొంత మాఱి, అయినను కరీంనగరపు అత్తాకోడండ్రు మాటలాడుకొన్నట్లే యుండును. 1870ల దశాబ్దములో ఇచ్చట మొదటి బట్టలమిల్లు లేచినది. దానిని నేటికిని పాతమిల్లు అనియే వ్యవహరింతురు. అదే దశాబ్దములో, 1876 మొదలు 1878 వఱకు, దక్కను నంతటిని ఘోరమైన కఱవు దహించినది. నైజాము సీమలోని వెట్టియు, కఱవును తఱుమగా నేతపల్లెలు ఖాళీ చేసి వచ్చిన మనవారు కొందఱు మిల్లులలో చేరిరి. పెక్కుమంది ఇండ్లలోనే చేమగ్గములు నిలుపుకొనిరి. తరువాత మరమగ్గములు పెట్టుకొనిరి. సోలాపురపు దుప్పటులకు దేశమంతట పేరు తెచ్చినవారిలో వీరు అగ్రగణ్యులు. ఆ దుప్పటులకు ఇపుడు భౌగోళిక గుర్తింపు కూడ కలదు. 1930లో ఈ నగర కార్మికులు స్వాతంత్ర్యోద్యమమున లేచి నిలువగా ఆంగ్లప్రభుత్వము ఇచ్చట సైనికశాసనము విధించినది. మల్లప్ప ధనశెట్టి, శ్రీకిసన్ సారడా, కుర్బాన్ హుసేన్, జగన్నాథ శిందే అను నలుగురిని 1931 జనవరి 12వ తేదీన ఉరితీసినది. కూలికై వచ్చినవారు ఊరివారై, ఆ యూరి సుఖదుఃఖములన్నిటిలో పాలుపంచుకొన్న నగరమిది.

ఎందువలన ఊరివారు కాగలిగిరి? మిల్లులు ఒక్కటొక్కటిగా మూతపడినవి. మరమగ్గముపై దుప్పటి, తువాలు నేయువాని కూలి ముంబయి కూలితో పోల్చినచో మిక్కిలి తక్కువ. అయినను ఇచ్చటి పద్మశాలీలు కుటుంబములతో నిలిచిరి, గుడి కట్టిరి, బడులు కళాశాలలు పెట్టిరి, మార్కండేయుని పేర సహకార వైద్యశాలను నడపుచున్నారు. నారళీపున్నమనాడు ఆ ఋషి రథము వెంట ఊరంతయు కదలుట నేను చూచితిని. గది దొరకుటయే దీనికి మూలమని నా నమ్మకము. చిన్నదో పెద్దదో, ఇఱుకో విశాలమో, ఒక నేతగాని కూలికి అందుబాటులో ఒక గది సోలాపురమున దొరకినది. గది దొరకుటచేత ఇల్లాలు వచ్చినది. ఇల్లాలు వచ్చుటచేత రెండవ యాదాయము వచ్చినది.

ఆ రెండవ యాదాయము బీడీ. ఈ యూర వేలకొలది స్త్రీలు, వారిలో తెలుగుస్త్రీలు అత్యధికులు, ఒడిలో చాట పెట్టుకొని, తునికాకును తగిన కొలతకు కత్తిరించి, పొగాకు నింపి, చుట్టి, దారము కట్టి, దినమునకు వేయి బీడీలు చేయుటకు ప్రయత్నింతురు. ఆకును పొగాకును కార్ఖానావారిత్తురు; చేసిన కట్టలను మరునాడు పోయి అప్పగింపవలయును; అచ్చట చాటన్ చేయువాడు బాగుగా లేవని కొన్నింటిని తీసివేయును; తీసివేసినవాటికి కూలి లేదు. కూలి స్వల్పము, పొగాకు ధూళి శ్వాసకు చెఱుపు, కూర్చుండి కూర్చుండి నడుము వంగిపోవును. ఇది మంచి పని యని నేననను. కాని మగవాని మగ్గము ఆగిన నెలలో ఆ ఇంట పొయ్యి వెలిగినది ఈ వేయి బీడీలవలననే. 1966లో బీడీ కార్మికుల పని పరిస్థితులకు, 1976లో వారి సంక్షేమనిధికి చట్టములు వచ్చినవి. ఆ నిధినుండి వైద్యము, పిల్లలకు విద్యార్థివేతనము, ఇంటికి సహాయము లభించెడివి. ఆ నిధికి మూలమైన పన్ను 2017లో వస్తుసేవల పన్ను వచ్చినపుడు రద్దయినది. దానివలన కలిగిన లోటును గూర్చి సభలలో మాటలాడువారికన్న, బిడ్డ విద్యార్థివేతనపు దరఖాస్తు చేతబట్టుకొన్న తల్లి ఎక్కువ స్పష్టముగా చెప్పగలదు.

నగరమునుండి అక్కల్‌కోట పోవు దారిలో కుంభారి యను గ్రామము కలదు. అచ్చట బీడీ కార్మిక స్త్రీలకై గోదూతాయి పరుళేకర్ పేర పదివేల యిండ్ల కాలనీ వెలసినది. 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగు చేతులమీదుగా అది వారికి దక్కినది. దీనికై యేండ్ల తరబడి పోరాడినవాడు నర్సయ్య ఆడం; తెలుగు నేతకుటుంబమున పుట్టి, ఆడం మాస్తరుగా ప్రసిద్ధుడై, శాసనసభకు పలుమారులు ఎన్నికైన నాయకుడు. ఆయన పూనికతోనే ఆ ప్రక్కనే రాయ్‌నగరు అను పేర ముప్పదివేల యిండ్ల సంకల్పము జరిగి, అందులో పదునైదువేల యిండ్లను 2024 జనవరి 19వ తేదీన ప్రధాని నరేంద్రమోదీ కార్మికులకు అందజేసెను. బీడీలు చుట్టువారు, మరమగ్గము నడుపువారు, చెత్త ఏఱువారు వాటి యజమానులు. ఇద్దఱు ప్రధానులు, రెండు భిన్న రాజకీయపక్షములు, ఇంకొక పక్షపు కార్మికనాయకుడు. ఇన్ని చేతులు కలసిన పని మన దేశమున తఱచుగా కనబడదు.

ఆ కాలనీలో ఒక ఇంట కొంతసేపు కూర్చుంటిని. ఇంటి ఇల్లాలు నడివయస్సుది. తాత జమ్మికుంట ప్రాంతమునుండి వచ్చెనట. ఆమె తెలంగాణమును చూచినది పెండ్లిండ్లకే. మాటలాడుచునే ఆమె చేతులు బీడీ చుట్టుచుండెను. "కిరాయికి ఉన్నన్నాళ్లు నెలకోపాలి గుండె దడ ఉండేది అన్నా. ఇప్పుడు కూలి పెరగలె, గని ఆ దడ లేదు" అని చెప్పెను. నగరమునకు దూరమగుటచేత బస్సులకు వ్యయమగుచున్నదనియు, కార్ఖానాకు పోయివచ్చుటకు పూట గడచుచున్నదనియు ఆమెయే చెప్పినది. ఈ లోపము సామాన్యమైనది కాదు. ఇల్లు ఊరికి దూరముగా కట్టి, ఆ దూరపు ఖర్చును కార్మికురాలిపై మోపినచో తగ్గిన కిరాయిలో కొంత మరల చేజారును. అయినను ఆమె ముఖమున గల నెమ్మదిని చూచినపిమ్మట, కూలిని పెంచుట యొక్కటియే కార్మికహిత మను వాదము నాకు అసంపూర్ణముగా తోచినది.

సోలాపురమునకు లేనిది చదివినవారికి తగిన పని. బీడీ చుట్టిన తల్లుల బిడ్డలు ఇంజనీరింగు చదివి, పుణె నగరపు హింజవడిలోని సాఫ్ట్‌వేరు సంస్థల వైపు చూచుచున్నారు. 1931లో ఉరితీయబడిన ఆ నలుగురు అమరవీరుల స్మృత్యర్థము పేరుపెట్టిన హుతాత్మా ఎక్స్‌ప్రెస్సులోనే నేనును పుణెకు పోయితిని, పెట్టెనిండ యువకులే. వారి మాటలలో వినబడిన లెక్కయు తాతల లెక్కయే: జీతమెంత, ముగ్గురు కలిసి పట్టిన ఇంటి కిరాయిలో తన వంతెంత, ఇంటికి పంపునదెంత. పుణెలో ఆగక నేను కల్యాణమునకు పోయితిని.

కల్యాణమున దిగి రోడ్డుదారిని భివండి చేరవలయును. ముంబయికి ఇంత చేరువయై యుండియు, నగరపు లోకలు రైళ్ల ప్రధాన మార్గమునకు దూరముగా మిగిలిపోయిన పట్టణమిది. 1857 తిరుగుబాటు తరువాత ఉత్తరదేశమునుండి వచ్చిన మోమిన్ నేతగాండ్రు ఇచ్చట చేమగ్గములు నాటిరి. 1930ల దశాబ్దములో మరమగ్గములు వచ్చినవి. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వమున రెండున్నర లక్షల మిల్లు కార్మికులు ముంబయిలో సమ్మెకు దిగినపిమ్మట, మిల్లులలో నేయవలసిన గుడ్డ ఇచ్చటి కొట్టములకు తరలివచ్చినది. మిల్లులో ఎనిమిది గంటల పని, సెలవు, భవిష్యనిధి ఉండెడివి. ఇచ్చట పండ్రెండు గంటల పాళీ, కొలతను బట్టి కూలి, పని లేని దినమున సున్న. 1970లోను 1984లోను జరిగిన మతకలహములలో ఈ పట్టణము రెండుమారులు కాలినది. మరల రెండుమారులు మగ్గములు కదలినవి.

పద్మానగరులో మనవారి కుటుంబములు కలవు. ముందుగా వచ్చినవారు మగ్గములు కొని, ఇండ్లు కట్టుకొని స్థిరపడిరి. వెనుక వచ్చినవారి స్థితి వేఱు. ఒక కొట్టమున పగటి పాళీవారు రాత్రి నిద్రించు చోటనే పగలు రాత్రిపాళీవారు నిద్రింతురు. భోజనము బిస్సీ అను పూటకూళ్లయింట, ఖాతా వ్రాయించుకొని, కూలి వచ్చినపుడు తీర్చునట్లు. వారిలో సిరిసిల్ల వాడొకడు, జగిత్యాల వాడొకడు, ఉత్తరప్రదేశపు వారు పెక్కుమంది. వారి కూలి సోలాపురపు నేతగాని కూలికంటె ఎక్కువయే. కాని వారిలో ఒక్కనికైనను భార్య వెంట లేదు. బిస్సీ అప్పు, ఊరికి పోయివచ్చు చార్జీలు, అచ్చట వేఱు సంసారపు ఖర్చు తీసివేసినచో, కుంభారిలోని ఆ యిల్లాలి కుటుంబము మిగుల్చుకొనునదే ఎక్కువ యనిపించినది. ఇపుడు మగ్గములు కొన్ని ఇనుపతుక్కుగా అమ్ముడగుచున్నవి; ఊరి చుట్టు పొలములలో సరకుల గోదాములు బారులు తీరినవి. పోగు అతికిన చేతులు అచ్చట పెట్టెలు మోయుచున్నవి. మగ్గమువాని నైపుణ్యమునకు ఏండ్ల తరబడి యభ్యాసము కావలయును. పెట్టె మోయుటకు బలమైన నడుము చాలును. పని దొరకుట వేఱు, తన పని దొరకుట వేఱు. ఈ భేదము ఏ జీతపు పట్టికలోను కానరాదు, కాని ఆ యువకుల ముఖములలో నాకు స్పష్టముగా కనబడినది.

ముంబయిని గూర్చి వ్రాయునపుడు ఆ నగరపు ఔదార్యమును మొదట చెప్పవలయును. ఐదు రూపాయల కనిష్ఠపు టిక్కెట్టుతో లోకలు రైలెక్కవచ్చును. నెలపాసు కొన్నవాడు స్వల్పవ్యయముతో నగరమును ఒక కొననుండి మఱియొక కొనకు ప్రతిదినము దాటవచ్చును. ఒక వడాపావుతో పూట గడపవచ్చును. మిల్లుల కాలమున ఒంటరి కార్మికులకు నెలవారీగా అన్నము పెట్టిన ఖానావళి స్త్రీలు ఉండిరి. వారు అప్పులవారి చేతచిక్కకుండ 1975లో ప్రేమా పురవ్ అన్నపూర్ణా మహిళా మండలమును స్థాపించెను. పని దొరకుట విషయములోను ముంబయికి సాటి లేదు. చేతులుడిగి కూర్చున్నవాడు అచ్చట అరుదు. నగరము పొమ్మనదు; పండుకొనుటకు చోటు మాత్రమే ఈయదు.

వర్లీలోని బి.డి.డి. చాళ్లను చూచితిని. 1920ల దశాబ్దములో ఆంగ్లప్రభుత్వపు అభివృద్ధిశాఖ కట్టిన ఆ భవనములలో ఒక్కొక్క గది నూట అరువది చదరపు అడుగులు. ఆ గదులలో మూడుతరముల తెలుగు కుటుంబములు పుట్టి పెరిగినవి. 1947 నాటి కిరాయి నియంత్రణ చట్టము ముంబయిలో పాత కిరాయిదారులను పెరిగిన వెలలనుండి కాపాడినది. అందుచేతనే మొదటి తరము మిల్లు కార్మికులు భార్యాబిడ్డలతో నిలువగలిగిరి. ఇపుడు ఆ చాళ్లు పడగొట్టి, ఒక్కొక్క కుటుంబమునకు ఐదువందల చదరపు అడుగుల ఇల్లిచ్చు పథకము నడచుచున్నది. 2025 ఆగస్టులో వర్లీలో మొదటి తాళపుచెవులు అందినవి. ఇది సంతోషింపదగిన విషయము. కాని నిన్నమొన్న వచ్చినవానికి ఆ చట్టపు నీడయు లేదు, ఆ పథకపు నీడయు లేదు. 2011 జనగణనలో నగరవాసులలో నూటికి నలువదిమందికి పైగా మురికివాడలలో నివసించుచున్నట్లు తేలినది. వారిలో అధికులు నిరుద్యోగులు కారు, దినమంతయు పనిచేయువారే. లోయర్ పరేలులో ఫీనిక్సు మిల్లు ఉండిన చోట నేడు విశాలమైన విపణిభవనము వెలుగుచున్నది. మిల్లు భూములలో కార్మికులకు ఇండ్లు చెందవలెనని పోరాటములు జరిగి, లాటరీ వేసి కొందఱికి ఇండ్లిచ్చిరి; ఎదురుచూచుచు వృద్ధులైనవారు ఇంకను కలరు. కామాఠీపురపు సందులలో తిరిగితిని. ఈ నగరపు పాత కట్టడముల రాళ్లు మోసిన తెలుగు కూలీల పేటయది. రాళ్లు మోసినవారి మనుమలకు ఆ రాళ్ల నీడన చోటు లేకపోవుట నాకు సహింపరాని యన్యాయముగా తోచినది.

ఫ్లయింగ్ రాణి బండిలో ముంబయినుండి సూరతునకు పోయితిని. ఉధ్నా, లింబాయత్ ప్రాంతములలో మరమగ్గముల మోత వీధులనిండ మ్రోగుచుండును. ఒడిశాలోని గంజాం జిల్లా కార్మికులు ఇచ్చట మిక్కిలి హెచ్చు. వారిలో పెక్కుమంది భివండివారివలెనే పాళీల చొప్పున చాపలు మార్చుకొను ఒంటరివారు. మనవారు మాత్రము లింబాయత్‌లో కుటుంబములతోనే హెచ్చుగా కనబడిరి. మగవారు మగ్గముపై ఉందురు. ఆడువారు ఇంటియొద్ద చీరలకు మిగిలిన దారపుకొసలు కత్తిరించి, లేసులు కుట్టి సంపాదింతురు. గది కిరాయి ముంబయితో పోల్చ వీలులేనంత తక్కువ, కూలి భివండికి తీసిపోదు. పురపాలకసంఘము గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతోపాటు తెలుగు మాధ్యమమునను ప్రాథమికపాఠశాలలు నడపుచున్నది. కార్మికుడు తన బిడ్డను తన భాషలో, రుసుము లేకుండ, నడచిపోవు దూరమున చదివింపగలుగుట కూలి పెరుగుటతో సమానమైన మేలు. ముంబయి నగరపాలికయు తెలుగుబడులను నడపుచున్నది గాని, గది లేని కార్మికునికి బడి యేల?

సూరతును గూర్చి ఇంకొక విషయము చెప్పక తప్పదు. 1994లో ఇచ్చట ప్లేగు భయము వ్యాపించినపుడు వలసకార్మికులు లక్షలుగా రైళ్లెక్కి పాఱిపోయిరి. మఱుసటి సంవత్సరము నగరపాలక కమిషనరుగా వచ్చిన ఎస్. ఆర్. రావు చెత్తయెత్తుటను, మురుగుపారుదలను, అధికారులు ప్రతిదినము వీధులలో తిరుగుటను కట్టుదిట్టము చేసి, కొద్దికాలములోనే ఈ నగరమును దేశమున పరిశుభ్రనగరముల వరుసలో నిలిపెను. జీవనవ్యయమును లెక్కించువారు కిరాయిని, బియ్యమును లెక్కింతురు గాని, మలేరియాతో పోయిన కూలిదినములను లెక్కింపరు. దినకూలిపై బ్రతుకువానికి రోగమే అత్యధికమైన పన్ను. 2006 ఆగస్టులో తాపీనది పొంగి ఊరు మునిగినపుడు నష్టపోయినవారు తమ కష్టము చెప్పగా వింటిని. అయినను ఆ వఱద తరువాత 1994 నాటివలె అంటువ్యాధి భయము ఊరిని ఖాళీ చేయలేదు.

సూరతు ప్రాచీనమైన లాటదేశపు భూమి. క్రీస్తుశకము అయిదవ శతాబ్దిలో ఈ లాటదేశమునుండియే పట్టునేతగాండ్ర శ్రేణి యొకటి మాళవములోని దశపురమునకు వలసపోయెనని మందసోరు శిలాశాసనము చెప్పుచున్నది. కుమారగుప్తుని కాలమున, 436లో, వారు ఆ పరదేశపు నగరమున సూర్యునికి దేవాలయము కట్టించిరి. 473లో దానిని బాగుచేయించిరి. వత్సభట్టి అను కవిచేత ఆ కథనంతయు శ్లోకములలో చెక్కించిరి. వారిలో కొందఱు నేతను విడిచి జ్యోతిషమును, కొందఱు యుద్ధవిద్యను అభ్యసించిరనియు ఆ శాసనమున కలదు. నేతగాండ్రు పదునైదువందల యేండ్ల క్రిందట విడిచిపోయిన సీమకు మఱియొక సీమ నేతగాండ్రు వచ్చి చేరుట నన్ను చిత్రముగా కదిలించినది. కాని దశపురపు నేతగాండ్రు గుడి కట్టుటకు ముందు అచ్చట ఇండ్లు కట్టుకొనియుందురు గదా. సోలాపురమున మనవారు కట్టుకొన్నట్లు.

లింబాయత్‌లో నేను భోజనము చేసిన యింటివారు కరీంనగరము వైపువారు. ఆ యింటి యజమానుని తమ్ముడు హైదరాబాదున ఒక గోదాములో పనికి కుదిరి, అన్నను రమ్మని పిలుచుచున్నాడు. సొంతరాష్ట్రము, సొంతభాష, కూలియు కొంచె మెక్కువ. అతడు నన్ను బాలానగరు, జీడిమెట్ల ప్రాంతములలో గది కిరాయిలు ఎట్లుండునని అడిగెను. నాకు తెలిసినంతవఱకు చెప్పితిని. ఇల్లాలు వడ్డించుచునే లెక్క వేసినది: కిరాయి తేడా యెంత, తాను దారము కత్తిరించి తెచ్చు డబ్బు అచ్చట దొరకునా, బిడ్డను ఏ బడిలో వేయవలయును, బస్సులకెంత. లెక్క ముగిసిన తరువాత ఆమె భర్తవైపు తిరిగి, "పిల్ల ఎనిమిది దాంక ఈ బళ్లెనే సదువుతది. అందాంక ఈడనే ఉందాం. మీ తమ్మునికి నేనే ఫోను జేసి చెప్త" అనెను. అతడు సరేనని లేచి, రాత్రిపాళీకి వేళయైనదని బయలుదేరెను.